షుగర్ పుండుకు ఉచిత ఆపరేషన్: ఎన్టీఆర్ వైద్య సేవలో ఎలా చేయించుకోవాలి?

వరి చేలో, రొయ్యల చెరువు గట్టు మీద చెప్పుల్లేకుండా తిరిగే మన డెల్టా వాళ్లకి షుగర్ ముదిరితే కాలిలో ముల్లు దిగినా తెలియదు. నరాలు మొద్దుబారి నొప్పి ఉండదు. పుండు వాసన వచ్చాక ఆసుపత్రికి బయలుదేరుతారు. అప్పుడు కూడా కార్డులో పేరు సరిచేయించుకుని వెళ్దామని ఆగేవాళ్లను చూస్తే చాలా బాధేస్తుంది. దయచేసి ఆగొద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ అనే ఈ రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకంలో ఆపరేషన్ కోసం ముందుగా ఏ ఆఫీసులోనూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఆ పనంతా ఆసుపత్రిలోనే జరుగుతుంది.

రైస్ కార్డు లేదా ఆరోగ్య కార్డు, రోగి ఆధార్, పాత మందుల చీటీలు తీసుకుని నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రికి వెళ్లండి. కాకినాడ, రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆసుపత్రులైనా సరే, ప్రైవేటులోనైనా సరే, లోపల పథకం పనులు చూసే వైద్యమిత్ర డెస్క్ ఉంటుంది. మొదట అడగాల్సింది ఒక్కటే: "కాలి పుండు ఆపరేషన్‌కి ఇక్కడ పథకం వర్తిస్తుందా?" ప్రతి ఆసుపత్రికీ అన్ని విభాగాల్లో అనుమతి ఉండదు. కొన్ని చికిత్సలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. బయలుదేరే ముందే 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటే తిప్పలు తప్పుతాయి.

వైద్యమిత్ర పేరు నమోదు చేశాక డాక్టరు చూసి పరీక్షలు రాస్తారు. ఇక్కడ మాత్రం తొందరపడకండి. ఎముకకి చీము పట్టిందో లేదో ఎక్స్‌రేలో చూస్తారు. కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో డాప్లర్ అనే స్కాన్‌లో తెలుస్తుంది. రక్తం అందని కాలికి కుళ్లిన భాగం తీసేసినా, చర్మం అతికించినా పుండు మానదు. ముందు రక్తనాళంలో అడ్డు తొలగించాల్సి రావచ్చు. అందుకే వేలు గానీ పాదం గానీ తీసేయాలన్నప్పుడు, "డాప్లర్ చేశారా, రక్తనాళాల డాక్టరు చూశారా?" అని అడగండి. అది మీ హక్కు.

ఈ రిపోర్టులు, పుండు ఫొటోలు జతచేసి ఆసుపత్రి వాళ్లే ఆన్‌లైన్‌లో పథకం నడిపే ట్రస్టు అనుమతి అడుగుతారు. కాలు నల్లబడి, చలిజ్వరం వస్తుంటే అది ఎమర్జెన్సీ. అప్పుడు ఫోన్‌లోనే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలుంది, కాగితాలు తర్వాత పెడతారు.

అనుమతి వచ్చిన చికిత్సకు రోగి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే కట్టేముందు వైద్యమిత్రకి చెప్పండి, లేదంటే 104లో ఫిర్యాదు ఇవ్వండి. ఇంటికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మందులు, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ అడిగి తీసుకోండి.