కోచ్ గీత దాటితే రిఫరీ ఏం చేయాలి

ఒక స్కూల్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి నేను రిఫరీని. మొదటి క్వార్టర్‌లోనే ఒక జట్టు కోచ్ బెంచ్ గీత దాటి వచ్చారు. ఒక్క అడుగే కదా, పోనీలే అని ఊరుకున్నాను. మూడో క్వార్టర్‌కల్లా సైడ్‌లైన్ మీద నిలబడి, ఆట నడుస్తుండగానే నా మీద కేకలు వేస్తున్నారు. చివరికి వాళ్ల పాయింట్ గార్డ్ (బంతి పట్టుకుని ఆట నడిపించే ప్లేయర్), పన్నెండేళ్ల పిల్ల, బంతి పోయిన ప్రతిసారీ వెనక్కి పరిగెత్తడం మానేసి నా వైపు తిరిగి రెండు చేతులూ చాచేది. అచ్చం వాళ్ల కోచ్ లాగే. ఆ రోజు తప్పు నాది. అందుకే కొత్త రిఫరీలకు చెబుతున్నాను: ఆపాల్సింది ఆ మొదటి అడుగునే.

మ్యాచ్‌కి ముందు బెంచ్ ఏరియా, అంటే కోచ్, సబ్‌స్టిట్యూట్లు ఉండే చోటు, గీతలు చూడండి. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం అది సెంటర్ లైన్ నుంచి 5 మీటర్ల దూరంలో మొదలై ఎండ్ లైన్ దాకా ఉంటుంది. గీతలు చెరిగిపోయి ఉంటే టేపు అంటించమనండి. కనిపించని గీత దాటావని ఎవర్నీ అనలేం. కోచ్‌లిద్దర్నీ కలిసి రెండు మాటలు చెప్పండి: నిలబడేది హెడ్ కోచ్ గానీ మొదటి అసిస్టెంట్ గానీ, ఒక్కరే. బెంచ్ నుంచి మాతో మాట్లాడేది హెడ్ కోచ్ మాత్రమే, అదీ బంతి డెడ్ అయి (అంటే ఆట ఆగి) గడియారం ఆగినప్పుడు.

కోచ్ తన జట్టు పిల్లలకు గట్టిగా సూచనలివ్వడం తప్పు కాదు. "ఏడో నంబర్‌కి ఏం ఫౌల్ ఇచ్చారు సార్?" అని మర్యాదగా అడిగితే ఒక్క వాక్యంలో జవాబివ్వండి. గీత దాటినా, ప్రతి విజిల్‌కీ చేతులు తిప్పినా, ఆట ఆగగానే దగ్గరికెళ్లి గొంతు పెంచకుండా చెప్పండి: "కోచ్ గారూ, గీత లోపల ఉండండి. ఇది వార్నింగ్." అంతే, వచ్చేయండి. వాదనకు నిలబడితే మీ మాట పలచనవుతుంది. మీ జోడీ రిఫరీకి కూడా చెప్పండి, లేకపోతే ఆయన దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బూతులు తిట్టినా, ఒంటి మీద చేయి వేసినా వార్నింగ్ మాటే లేదు, నేరుగా ఫౌలే.

వార్నింగ్ తర్వాత అదే పని చేస్తే టెక్నికల్ ఫౌల్, అంటే ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్. స్కోర్ షీట్‌లో కోచ్ పేరు పక్కన 'సి' పడుతుంది, ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసే షాట్), ఆట ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలు. క్వార్టర్‌లో జట్టు మొత్తానికి లెక్కపెట్టే ఫౌళ్లలో ఇది కలవదు. ఫౌల్ ఇచ్చాక ఆ బెంచ్‌కి దూరంగా జరగండి, అటువైపు మీ జోడీ చూసుకుంటారు.

రెండో 'సి' పడితే కోచ్ బయటికెళ్లాలి. ఇక్కడే చాలామంది ఒక సంగతి మరిచిపోతారు. మొదటి అసిస్టెంట్ లేకపోతే నియమం ప్రకారం కెప్టెనే కోచ్. కానీ వాళ్లు చిన్నపిల్లలు, పెద్దవాళ్లు లేకుండా బెంచ్ మీద వదిలేయలేం. అందుకే కోచ్ కాకుండా స్కూల్ తరఫున ఎవరొచ్చారో మ్యాచ్‌కి ముందే అడిగి పెట్టుకుంటాను.

రిపోర్ట్ ఆ సాయంత్రమే రాయండి. "దురుసుగా ప్రవర్తించారు" అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఏ క్వార్టర్, ఎన్ని నిమిషాలు మిగిలున్నాయి, ఎక్కడ నిలబడ్డారు, నోటి నుంచి వచ్చిన మాట ఏమిటి, వార్నింగ్ ఎప్పుడిచ్చారు, అన్నీ ఉన్నదున్నట్టు రాయండి.