కౌంటింగ్ రోజు లైవ్‌కి ముందు: స్టూడియోలో, రోస్టర్‌లో చూసుకోవాల్సినవి

ముందు వీడియో వాల్ మీది మ్యాజిక్ ఫిగర్ చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లకు 88, తెలంగాణలో 119కి 60. పాత టెంప్లేట్ కాపీ చేస్తే పక్క రాష్ట్రం అంకె అలాగే ఉండిపోతుంది. ఆ స్క్రీన్‌షాట్ ఏళ్ల తరబడి తిరుగుతుంది.

‘ఆధిక్యం’, ‘గెలుపు’ వేర్వేరు రంగుల్లో ఉండాలి. హడావుడిలో యాంకర్ చదివేది అంకెనే, పక్కనున్న మాటను కాదు.

లెక్కింపు 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. అసలు వేడి 9 తర్వాతే. అందుకే 9 నుంచి 11 మధ్య యాంకర్‌ని మార్చొద్దు. తెల్లవారుజామున 5కి కూర్చున్నవారినే మధ్యాహ్నం దాకా లాగొద్దు, గొంతు పోతుంది. 8:30కి కొత్త జంటను దించండి. వాళ్లు అరగంట ముందే పీసీఆర్‌లో (ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూమ్‌లో) కూర్చుని లైవ్ చూడాలి. లేకపోతే అప్పటికే చెప్పిన ఫలితాన్ని మళ్లీ ‘బ్రేకింగ్’ అంటారు.

వర్చువల్ సెట్ (ఆకుపచ్చ తెర స్థానంలో కంప్యూటర్ బొమ్మ వేసేది) అయితే యాంకర్ బట్టల్లో ఆకుపచ్చ వద్దు, చీర అంచులో కూడా. అంచు పోయి వెనక అసెంబ్లీ బొమ్మ కనిపిస్తుంది! సన్న గీతల చొక్కాలు కెమెరాలో అలలు కొడతాయి.

యూపీఎస్ మీద పీసీఆర్ ఒక్కటే ఉందా, స్టూడియో లైట్లు కూడా ఉన్నాయా? ఒకసారి మెయిన్ కరెంట్ ఆపి చూడండి.

పార్టీల ప్రతినిధుల మైకులు విడివిడి ఫేడర్లకు (సౌండ్ పెంచి తగ్గించే మీటలకు) ఇవ్వండి. ఎవరిది తగ్గించాలో ముందే తెలియదు కదా.