ఆగస్టు ఎండల్లో రోమ్ చూడాలంటే ఏం చేయాలి?

రెంటచింతల, రామగుండం ఎండలు చూసినవాళ్లకి రోమ్ ఎండ ఒక లెక్కా అనిపిస్తుంది. అంకెల ప్రకారం నిజమే. జూలై, ఆగస్టుల్లో అక్కడ మధ్యాహ్నం మామూలుగా 32, 33 డిగ్రీలు ఉంటుంది. వడగాడ్పులు వచ్చినప్పుడు 38 కూడా తాకుతుంది. కానీ మన ఊళ్లో మే నెలలో ఒంటి గంటకి ఎవరైనా పనిగట్టుకుని బయట తిరుగుతారా? పొద్దున్నే పనులు ముగించుకుని, ఇంత తిని, తలుపులు దగ్గరగా వేసుకుని పడుకుంటాం. టూర్‌కి వెళ్లగానే ఆ తెలివి ఎటు పోతుందో గానీ, ఇంత డబ్బు పోసి వచ్చాం కదా అని మిట్టమధ్యాహ్నం రాళ్ల మీద నడుస్తాం. రోమ్‌లో ఎండాకాలం హాయిగా గడవాలంటే రోజును మూడు ముక్కలు చేసి, మధ్య ముక్క మీద ఆశ వదులుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతున్నవి.

1. ముందు నెల సంగతి తేల్చుకోండి

ఆంధ్ర, తెలంగాణల నుంచి పిల్లలతో వెళ్లేవాళ్లకి బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు కాబట్టి, మే నెలాఖరు దొరికితే అదే మంచిది. అప్పటికి ఎండ ముదరదు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లకి ఎటూ జూలై, ఆగస్టులే గతి. ఆగస్టు 15 అక్కడ ఫెర్రగోస్టో అనే పెద్ద పండగ, అగస్టస్ చక్రవర్తి కాలం నుంచీ వస్తున్న సెలవు. దానికి అటూ ఇటూ రెండు వారాలు ఊరివాళ్లు సముద్రం ఒడ్డుకి వెళ్లిపోతారు. చిన్న హోటళ్లు, కొట్లు షట్టర్ దించి ‘సెలవులు’ అని కాగితం అంటిస్తాయి. బస్సులు తగ్గుతాయి. అందుకని భయపడనక్కర్లేదు, టూరిస్టులు తిరిగే చోట్లలో తిండికి లోటుండదు. పైగా రోడ్లు ఖాళీ.

ఇండియా పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసాకి, అంటే ఇటలీతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం, కాబట్టి ఆ పని మొదట చూడండి. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

2. గది ఊరి నడుమ తీసుకోండి

డబ్బు మిగుల్చుకోవాలంటే ఇంకేదైనా తగ్గించుకోండి గానీ దూరంగా గది తీసుకోకండి. మధ్యాహ్నం వెనక్కి వచ్చి పడుకోవాలన్నది మన ప్లాన్ కదా, గంట ప్రయాణం అయితే ఎవరూ రారు. మోంటి, తెర్మిని స్టేషన్ చుట్టుపక్కల ప్రాంతాలు అందుకు పనికొస్తాయి.

బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందో లేదో ఫొటోల్లో చూడండి, రివ్యూల్లో ‘ఏసీ’ అని వెతకండి. పాత ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ అరుదు. కొన్నిచోట్ల ఏసీకి వేరే డబ్బు అడుగుతారు. పెద్దవాళ్లు ఉంటే లిఫ్ట్ గురించీ ముందే అడగాలి. ఇక రాత్రికి, మనిషికి ఇంత అని సిటీ ట్యాక్స్ గది దగ్గర విడిగా కట్టాలి, అది మోసం కాదు.

ఎయిర్‌పోర్ట్ ఫియుమిచీనో అయితే లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో తెర్మినికి తీసుకొస్తుంది.

3. టికెట్లు ఇంటి దగ్గరే కొనండి

ఎండలో మనిషిని పడగొట్టేది చూడటం కాదు, క్యూ. కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు తెరుస్తారు. 2023 నుంచి టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు, కాబట్టి పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే కొట్టండి. పొద్దున 8:30 స్లాట్ కోసం పట్టుబట్టండి. పదకొండు గంటల స్లాట్ దొరికితే, నన్నడిగితే రోజు మార్చుకోవడం మేలు.

శిల్పాలు, చిత్రాలు ఉండే బొర్గెసె గ్యాలరీకి బుకింగ్ లేకుండా వెళ్లలేం, రెండేసి గంటల చొప్పున లోపలికి వదులుతారు, సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూసేస్తారు. నెలలో ఆఖరి ఆదివారం మాత్రం ఉచితం, కానీ ఆగస్టులో ఆ ఉచితం జోలికి వెళ్లకండి, క్యూ గోడ చుట్టూ తిరిగి వస్తుంది.

4. పొద్దున్నే మూడు నాలుగు గంటలు గట్టిగా తిరగండి

ఆరున్నరకి ట్రెవి ఫౌంటెన్ దగ్గర ఉండగలిగితే నీళ్ల చప్పుడు వినబడుతుంది. పదింటికి వెళితే సెల్ఫీ స్టిక్కులే కనబడతాయి. ఆ నీళ్లు క్రీస్తుపూర్వం 19లో అగస్టస్ సేనాని అగ్రిప్పా కట్టించిన కాలువ దారిలోనే ఇప్పటికీ వస్తున్నాయి. సెయింట్ పీటర్స్ బసిలికా ఏడింటికి తెరుస్తారు, సెక్యూరిటీ క్యూ ఎండ పడే చౌకులోనే ఉంటుంది, అందుకే దాన్నీ పొద్దున్నే ముగించాలి.

కొలోసియం రోజున జాగ్రత్త పడాల్సింది కొలోసియంతో కాదు, పక్కనున్న రోమన్ ఫోరంతో, అంటే పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలతో. కొలోసియంలో కమానుల కింద నీడ ఉంటుంది. ఫోరంలో నేల మీదా రాళ్లే, చుట్టూ రాళ్లే, చెట్టు నీడ బాగా తక్కువ. కాబట్టి కొలోసియం అవగానే ఫోరం చూసి, తర్వాత పాలటైన్ గుట్ట ఎక్కండి. పైన పైన్ చెట్లు, తోటలు ఉన్నాయి, అక్కడి నుంచి ఫోరం మొత్తం కిందకి కనబడుతుంది. గుట్ట ఎక్కే ఓపిక లేని పెద్దవాళ్లని పదిన్నరకల్లా నీడకి చేర్చండి.

5. పదకొండు దాటాక భూమి కిందకి దిగండి

ఈ ఊళ్లో చల్లదనం కావాలంటే కిందకి వెళ్లాలి. కొలోసియం నుంచి ఐదు నిమిషాల నడకలో సాన్ క్లెమెంటె చర్చి ఉంది. పైన 12వ శతాబ్దపు చర్చి. మెట్లు దిగితే దాని కింద 4వ శతాబ్దపు చర్చి. ఇంకా దిగితే రోమన్ల కాలపు ఇళ్ల గోడలు, అప్పటి రోమన్లు కొలిచిన మిత్ర (మిథ్రాస్) దేవుడి గుడి. అడుగున గోడ వెనకాల నీళ్లు పారుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతుంది. పైన చెమటలు కక్కుతున్న ఊరు, కింద ఒళ్లు జిల్లుమనే తేమ! నాకు రోమ్‌లో ఎండాకాలపు అసలు అందం ఇక్కడే అనిపిస్తుంది.

అప్పియా ఆంటికా రోడ్డు వైపున్న కాటకోంబ్‌లు, అంటే పాత క్రైస్తవుల భూగర్భ సమాధులు, ఏడాది పొడుగునా 15, 16 డిగ్రీల దగ్గరే ఉంటాయి. పల్చటి శాలువా పట్టుకెళ్లండి. వాటిలో ఒకటైన సాన్ కల్లిస్టోకి బుధవారం సెలవు. పేటల్లోని చర్చిలు చాలావరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, నాలుగు దాకా మూసేస్తారు, కాబట్టి వేళలు చూసుకునే బయల్దేరండి.

ఆ తర్వాత తిని, గదికొచ్చి, షట్టర్లు దించి పడుకోండి. నాలుగున్నర, ఐదు దాకా లేవకండి. పిల్లలు పడుకోకపోయినా పర్వాలేదు, నీడలో ఉంటే చాలు.

6. నీళ్లు కొనకండి

వీధి మూలల్లో నజోని అనే ఇనప పంపులు కనబడతాయి. నడుం ఎత్తు స్తంభం, వంకీ తిరిగిన గొట్టం, ఆగకుండా పారే నీళ్లు. 1874 నుంచి ఉన్నాయి, ఊరంతా కలిపి రెండువేల పైచిలుకు. తాగే నీళ్లే, చల్లగా ఉంటాయి. గొట్టం పైన ఒక చిన్న చిల్లు ఉంటుంది. కింద వేలితో మూస్తే ఆ చిల్లులోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మొదటిసారి ముఖం తడుస్తుంది, తడవనివ్వండి. ఖాళీ బాటిల్ ఒకటి సంచిలో ఉంటే చాలు.

కానీ ఫౌంటెన్లలో కాళ్లు పెడితే జరిమానా. 2019 నుంచి స్పానిష్ మెట్ల మీద కూర్చున్నా జరిమానాయే, వందల యూరోల్లో ఉంటుంది.

7. బట్టలు, చెప్పులు

వాటికన్‌లోనూ పెద్ద చర్చిల్లోనూ భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. మన కాటన్ చుడీదార్, చున్నీ ఇక్కడ బంగారం: ఎండకీ, చర్చికీ, కాటకోంబ్ చలికీ ఒకటే సరిపోతుంది. గొడుగు పట్టుకోవడానికి మొహమాటపడకండి. వీధుల్లో నల్లరాతి పలకలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, పల్చటి స్లిప్పర్లు రెండో రోజుకే అరికాళ్లకి చుక్కలు చూపిస్తాయి. మెత్తటి షూ వేసుకోండి.

8. సాయంత్రం ఊరు మీది

ఆగస్టు మొదట్లో పొద్దు ఎనిమిదిన్నర ప్రాంతంలో గుంకుతుంది. పడమటి నుంచి సముద్రపు గాలి వీస్తుంది, రోమ్‌వాళ్లు దాన్ని పొనెంటీనో అంటారు. నవోనా చౌకు, త్రస్తెవెరె సందులు అప్పుడు తిరగాలి. టైబర్ నది ఒడ్డున గుడిసె కొట్లలో గ్రట్టకెక్క దొరుకుతుంది. గీరిన ఐసు మీద సిరప్ పోసి ఇస్తారు, మన ఐస్ గోలాకి అన్నయ్య. ఆగస్టు 5న ఉంటే సాంటా మరియా మజ్జోరె చర్చికి వెళ్లండి. ఎండాకాలంలో మంచు కురిసిందన్న పాత కథకి గుర్తుగా ఆ రోజు పైకప్పు నుంచి తెల్లటి పూరేకులు కురిపిస్తారు.

శాకాహారులకి ఒక మాట. కార్బొనారా, అమాట్రిచానా పాస్తాల్లో పంది మాంసం ఉంటుంది. వేయించిన గుమ్మడి పువ్వుల్లో చేప పెడతారు, సుప్లి అనే అన్నపు ఉండల్లో తరచూ మాంసం కలుస్తుంది. టొమాటో పాస్తా, తూకానికి కోసిచ్చే పిజ్జాల్లో మాంసం వేయనివి క్షేమం. చీజ్, మిరియాలతో చేసే కాచో ఎ పేపె పాస్తా కూడా తినొచ్చు గానీ, ఆ చీజ్‌లో జంతువుల రెన్నెట్ (పాలు విరగ్గొట్టే, దూడ, గొర్రె పొట్టల నుంచి తీసే పదార్థం) ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు గమనించుకోండి.

9. ఎండదెబ్బ సంగతి

ఇటలీ ఆరోగ్యశాఖ వేసవిలో 27 నగరాలకి ఎండ హెచ్చరికలు ఇస్తుంది. రోమ్‌కి మూడో స్థాయి, అంటే ఎరుపు, ఇస్తే ఆ రోజు ఫోరం రద్దు చేసి ఏసీ ఉన్న కాపిటొలైన్ మ్యూజియంలకి మార్చుకోండి. ఇంటి నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు తెచ్చుకోండి. అయిపోతే పచ్చ ప్లస్ గుర్తు వెలిగే మందుల షాపులో అడగండి. తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే ముందు నీడ, తడిగుడ్డ, నీళ్లు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా గదికి తీసుకెళ్లి చూద్దాంలే అనుకోకుండా అక్కడి నుంచే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.