పడవలో పరుపులకు కొలత ఇలా తీయండి

తెరచాప పడవ లోపల పడుకునే చోట పరుపులు మార్చాలనుకుంటే, పాత పరుపును చూసి కొత్తది కత్తిరించకండి. ఏళ్ల తరబడి నలిగి దాని ఆకారమే మారిపోయి ఉంటుంది. పరుపు వేసే బల్ల మీదే పలచటి ప్లాస్టిక్ షీటు పరిచి, అంచుల వెంట మార్కర్‌తో గీసుకోండి.

అసలు చిక్కంతా పడవ ముందు భాగంలోనే. అక్కడ గోడ నిటారుగా ఉండదు, పైకి పోయేకొద్దీ బయటికి వాలుతుంది. అందుకే పరుపు అడుగు కంటే పైభాగం వెడల్పుగా రావాలి. అడుగున ఒక కొలత, నాలుగంగుళాల ఫోమ్ అయితే సరిగ్గా నాలుగంగుళాల ఎత్తులో ఇంకో కొలత తీసుకోవాలి. మొదటిసారి నేను అడుగు కొలతతోనే కోయించాను. పైన పరుపుకీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత సందు వచ్చింది. చాలా బాధేసింది, ఫోమ్ మొత్తం మళ్లీ కొనాల్సి వచ్చింది.

ఫోమ్‌ను కవరు కంటే అర అంగుళం పెద్దగా కోస్తే గుడ్డ బిగుతుగా, ముడతల్లేకుండా కూర్చుంటుంది. ఎక్కించడం కష్టమైతే ఫోమ్‌ను పలచటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగేయండి. అణిగిపోయి కవరులోకి సులువుగా జారుతుంది. తర్వాత సంచిని చింపి లాగేయొచ్చు.

జిప్ ప్లాస్టిక్ పళ్లదే తీసుకోండి, ఉప్పుగాలికి లోహం జిప్ బిగుసుకుపోతుంది. దారం పాలిస్టర్‌దే వాడండి, నూలు దారం తేమకు కుళ్లుతుంది. బయట కూర్చునే చోటికైతే నీళ్లు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమే మంచిది.