జైసల్మేర్ ఎడారికి వెళ్తున్నారా? మన సిక్కోలు వాళ్లు ముందు ఇది చదవండి

ఈ డిసెంబరులో జైసల్మేర్ వెళ్లి ఇసుక తిన్నెల మీద నడుద్దాం, రాత్రికి టెంటులో పడుకుందాం అని ప్లాన్ వేసుకుంటున్న మన శ్రీకాకుళం, పలాస, సోంపేట కుర్రాళ్లకీ, వాళ్లతో బయల్దేరుతున్న అమ్మానాన్నలకీ ఒకటే మాట. "మనం చూడని ఎండా" అన్న ధీమాతో మాత్రం వెళ్లకండి.

మనది ఉక్కపోత ఎండ. పక్కనే సముద్రం, గాలి నిండా తేమ, కాసేపు తిరిగితే చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోతుంది, ఆ చిరాకుకే నీడకి పోతాం, నీళ్లు తాగుతాం. అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు తడవదు, హాయిగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లోపలి నీరు మాత్రం పోతూనే ఉంటుంది. చలికాలం అయితే దాహం కూడా సరిగ్గా వేయదు. మధ్యాహ్నానికి చొక్కా కాలరు మీద, టోపీ అంచున తెల్లగా ఉప్పు చార కనిపిస్తే ఒంట్లోంచి ఎంత పోయిందో అర్థం చేసుకోండి.

కాబట్టి దాహం కోసం ఎదురుచూడకుండా గంట గంటకీ కొంచెం కొంచెం తాగండి. రోజంతా బయట తిరిగే మనిషికి 4 లీటర్లు లెక్క వేసుకోండి, ఎక్కువ నడిస్తే అదీ చాలదు. తిన్నెల మధ్య దుకాణం ఉండదు, బావి ఉండదు, ఎవరి నీళ్లు వాళ్లే మోసుకెళ్లాలి. మూత్రం లేత పసుపులో ఉంటే ఫర్వాలేదు, ముదురు రంగుకి తిరిగిందంటే నడక ఆపి నీడలో కూర్చోండి. సగం నీళ్లు అయ్యాయంటే ఎంత బాగున్నా అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. ఇందులో మొహమాటం వద్దు. ఉత్త నీళ్లే లీటర్లకు లీటర్లు తాగినా ఒంట్లో ఉప్పు పలచబడి నీరసం, వాంతులు వస్తాయి, అందుకే తినడానికి ఉప్పుగా ఏదో ఒకటి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు దగ్గరుంచుకోండి. లీటరు ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపాలి, చిన్న సీసాలో మొత్తం పోసేస్తే మేలుకి బదులు కీడు.

ఉద్దానం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకాస్త గట్టిగా చెప్తాను. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అంటే ఏమిటో మన దగ్గర బడికి వెళ్లని మామ్మకి కూడా తెలుసు. ఉద్దానంలోని కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద భారం పడుతుందన్నది మాత్రం ఖాయం. ఒంటె ఎక్కి దిగాక నడుము, తొడలు పట్టేస్తాయి, వెంటనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వేసేసుకుంటాం. నీరు తగ్గిన ఒంట్లో ఆ బిళ్లలు కిడ్నీలకి చాలా చేటు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉన్నా, బీపీకి మూత్రం ఎక్కువయ్యే మందు వాడుతున్నా, టికెట్ తీసే ముందే డాక్టర్‌ని అడగండి. కొందరికి నీళ్లు కూడా కొలతగానే తాగమంటారు, వాళ్లకి నేను చెప్పిన 4 లీటర్ల లెక్క వర్తించదు.

వెళ్లే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని అటు వెళ్లే ఆలోచనే పెట్టుకోకండి. జోధ్‌పూర్, జైసల్మేర్ మధ్య ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఎడారిలో వాన ఏముంటుందిలే అనుకోవడం కూడా పొరపాటే. 2006 ఆగస్టులో పక్కనే బార్మేర్ జిల్లాలో కవాస్ ఊరు నీట మునిగింది, అడుగున జిప్సం పొర ఉండటంతో నీళ్లు భూమిలోకి ఇంకక రోజుల తరబడి నిలిచిపోయాయి. ఎండిన వాగులో టెంటు వేయొద్దు.

నడక తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించండి. అడుగుజాడలు చూసుకుంటూ వెనక్కి రావొచ్చులే అనుకోకండి, గాలి లేస్తే అవి ఉండవు, ఏ తిన్నె చూసినా ఒకేలా ఉంటుంది. స్థానికుడైన గైడు లేకుండా దూరం పోకండి. పొడుగు చేతుల నూలు చొక్కా, మూసి ఉండే బూట్లు, ముక్కు నోరు కప్పుకోవడానికి ఒక తువ్వాలు చాలు. ఎవరైనా తూలుతున్నా, మాట తడబడుతున్నా అది వడదెబ్బ అనే అనుకోండి. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

పగటి ఎండ చూసి స్వెట్టర్లు మానేయకండి, పొద్దు గుంకగానే ఇసుక చల్లబడిపోతుంది, రాత్రికి అరకు చలి గుర్తొస్తుంది. చలికి తట్టుకోలేక టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది, నిద్రలోనే ప్రాణం పోతుంది. మంట బయటే వేసుకోండి, పడుకునే ముందు ఆర్పేయండి.

పొద్దున్నే బూట్లు బోర్లించి దులిపాకే కాలు పెట్టండి, తేళ్లు చేరతాయి. రాత్రి బయటికి వెళ్తే టార్చి తప్పనిసరి. అక్కడ చిన్న పింజర పాములెక్కువ, చూడ్డానికి చిన్నవే గానీ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. కాటు పడితే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, పసరు వేయొద్దు. కాలు కదలకుండా ఉంచి జైసల్మేర్ జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెంట్లు ఎక్కువగా ఉండే సమ్ నుంచి ఊరికి 40 కిలోమీటర్ల పైమాటే, కాబట్టి రాత్రి బండి దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

జైసల్మేర్, బార్మేర్ జిల్లాల్లో ఉన్న డెసర్ట్ నేషనల్ పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్టకి మిగిలిన ఆఖరి చోట్లలో అదొకటి. ఒకప్పుడు మన నంద్యాల జిల్లా రోళ్లపాడులోనూ ఆ పిట్ట ఉండేది, తలుచుకుంటే బాధేస్తుంది. అది గుడ్డు నేల మీదే పెడుతుంది, అందుకే దారి వదిలి బండి పోనివ్వమని డ్రైవర్ని బతిమాలకండి. సరిహద్దు దగ్గర కాబట్టి డ్రోన్ తీసుకెళ్లకండి, కొన్ని చోట్లకి పర్మిషన్ కూడా కావాలి. సిగ్నల్ చాలాచోట్ల అందదు. ఎటు వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, డ్రైవర్ నంబరేంటి, ఇవన్నీ బయల్దేరే ముందే ఇంటికి మెసేజ్ పెట్టండి, క్యాంపు వాళ్లకీ చెప్పండి.