బోదకాలు పాఠాలు - 3: ముందు మొగ తెరవాలి

పోయిన పాఠంలో చెప్పిన పరీక్ష చేసి చూశారా? కాలి బొటనవేలి పక్క వేలి మొదట్లో చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి పైకి లేపాలి. మడత లేవకపోతే అది చాలావరకు లింఫ్ (ఒంట్లో కణాల మధ్య నుంచి నాళాల్లోకి చేరే నీరు) నిలిచిపోయి వచ్చిన వాపే. లేచినా ధీమా పడొద్దు, మొదటి దశలో మడత వస్తుంది.

ఇవాళ చేత్తో నీరు మళ్ళించడం. కోనసీమలో పుట్టినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. చేనుకి నీళ్ళు తెచ్చేది కాలవ, ఎక్కువైన నీళ్ళు తీసుకుపోయేది డ్రైను, అది సముద్రంలో కలిసే చోటు మొగ. ఒంట్లో ఆ డ్రైన్లే లింఫ్ నాళాలు. ఫైలేరియా పురుగులు వాటిలోనే ఏళ్ళ తరబడి కాపురముండి వాటిని పాడుచేస్తాయి, పురుగు చచ్చాక కూడా పాడైన నాళం మళ్ళీ మునుపటిలా అవదు. ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రలు మింగినా కాలు తగ్గలేదని వాటిని తిట్టకండి, అవి పురుగు పిల్లల్ని చంపి, దోమ ద్వారా జబ్బు ఇంకొకరికి పాకకుండా ఆపేవి.

మా అమ్మ కాలికి ఏళ్ళపాటు మేం ఆముదం రాసి పాదం నుంచి పైకి గట్టిగా తోమాం. తప్పు. మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంటే ఊళ్ళో గుర్రపుడెక్క ఎంత తీసినా చేను మునక తీరుతుందా? థెరపిస్టు వచ్చిన రోజు కాలు ముట్టుకోకుండా మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. "జబ్బు కాలికమ్మా" అంది అమ్మ. రెండు కాళ్ళ లింఫూ చివరికి ఎడమ మెడ ఎముక (కాలర్ బోన్) వెనక పెద్ద సిరలో కలుస్తుంది, మన మొగ అదీ.

వెల్లకిలా పడుకుని పొట్ట మీద చేతులు పెట్టి, పొట్ట లేచేలా నెమ్మదిగా అయిదుసార్లు ఊపిరి తీయండి. తర్వాత మెడ ఎముక పైనున్న గుంటలో వేళ్ళు బల్లపరుపుగా ఆనించి చర్మాన్ని కొంచెం లాగి వదలాలి, అంతే, రుద్దడం కాదు. ఆ తర్వాత అదే వైపు చంక, పొత్తికడుపు పక్కనుంచి చంక వైపుకి (గజ్జల్లో దారి పాడైంది కాబట్టి పక్కదారి), ఆ తర్వాతే తొడ, మోకాలు, చివర్న పాదం. తొడ పైభాగం ఖాళీ చేశాకే కింది భాగానికి రావాలి, తోసేది మాత్రం ఎప్పుడూ పైకే. నూనె వద్దు, చెయ్యి జారిపోతుంది. చర్మం ఎర్రబడిందంటే బలం ఎక్కువైనట్టే. 1930ల్లో డెన్మార్క్‌కి చెందిన వోడర్ దంపతులు ఈ పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ తేలిక చెయ్యే దీనికి ప్రాణం.

గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వస్తే, కాలు ఎర్రబడి కాలితే, ఆ రోజు చెయ్యి పెట్టకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గుండెజబ్బు ఉన్నా, కాలి సిరలో రక్తం గడ్డ కట్టినా ముందు డాక్టర్ని అడగాల్సిందే. ఆ జ్వరం చాలాసార్లు వేళ్ళ సందుల్లో ఒరిసిన చోటు నుంచే మొదలవుతుంది, ఊడ్పుల రోజుల్లో మరీను. రోజూ సబ్బుతో కడిగి, పాత నూలు గుడ్డ ఒక్కో సందులోకీ దూర్చి తడి అద్దండి.

చేత్తో తీసిన నీరు కట్టు లేకపోతే సాయంత్రానికి మళ్ళీ దిగుతుంది. వచ్చే పాఠం కట్టు గురించే. అప్పటిదాకా మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజీ కొనేయకండి, అది బాగా సాగిపోతుంది, నడిచేటప్పుడు పిక్క కండకి గట్టులా ఎదురు నిలబడదు.