మన కొలతకు రోడ్డు సైకిల్ – పాఠం 4: సీటును ముందుకు జరపకండి

మూడో పాఠం తర్వాత మీరు పంపిన అంకెలు చూసి తల పట్టుకున్నాను. తప్పు సగం నాదే. ‘కాలి లోపలి కొలత తీసుకోండి’ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయాను. మీలో చాలామంది దర్జీ పుస్తకంలోని సల్వార్ కొలతో, జీన్స్ పట్టీ మీది అంకెనో తెచ్చి రాశారు. అది గుడ్డ కొలత, ఎముక కొలత కాదు.

మళ్లీ తీయండి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, అట్ట గట్టిగా ఉన్న పుస్తకాన్ని తొడల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడి వచ్చేదాకా పైకి లాగండి. పుస్తకం పై అంచు నుంచి నేల దాకా ఎంతో కొలవండి. 158 సెం.మీ. ఎత్తున్న ఒకావిడ మొదట 68 అని రాశారు, ఇలా తీస్తే 74 వచ్చింది. దాన్ని 0.883తో హెచ్చవేస్తే పెడల్ కాడలు రెండూ తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 74కి 65 సెం.మీ., 68కి 60. అయిదు సెంటీమీటర్లు దిగిపోయిన సీటు మీద 20 కిలోమీటర్లు తొక్కితే మోకాలి చిప్ప ముందు నొప్పి రాక ఏమవుతుంది? ఆ కొలతతో ఫ్రేమ్ సైజు తేల్చుకున్నవాళ్లు కూడా లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోండి.

గేర్లు మార్చడం, గాలి కొట్టడం, చైన్‌కి నూనె వేయడం నేను చెప్పను. అవి పక్కింటి పిల్లాడైనా చూపిస్తాడు. ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. నాకు ఒళ్లు మండేదీ అదే.

హ్యాండిల్ దూరంగా ఉంది, చేతులు లాగుతున్నాయి అనగానే షాపులో ఏం చేస్తారు? సీటు కింది బోల్టు వదులు చేసి ముందుకు తోసేస్తారు. అరనిమిషం పని, పైసా ఖర్చు లేదు, మనమూ మురిసిపోయి ఇంటికొస్తాం. కాలితో తొక్కే కుట్టుమిషన్ గుర్తు తెచ్చుకోండి. గుడ్డ సరిగ్గా కనబడటం లేదని స్టూలు ముందుకు లాక్కుంటే మోకాళ్లు బల్లకు కొట్టుకుంటాయి. స్టూలు ఎక్కడుండాలో తేల్చేది కింద ఉన్న తొక్కుడు పలక. సైకిల్‌కీ అంతే. సీటు స్థానం పెడల్‌ని బట్టి, హ్యాండిల్ స్థానం సీటుని బట్టి. ఈ వరస తిరగబడితే మూడు జరుగుతాయి. ఒంటి బరువు అరచేతుల మీద పడి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. సీటుకీ పెడల్‌కీ మధ్య దూరం తగ్గి, ఎత్తు ముట్టుకోకపోయినా సీటు కిందికి దించినట్టే అవుతుంది. దాంతో మోకాలి నొప్పి మళ్లీ మొదటికొస్తుంది.

సీటు సరిచూడాలంటే పెడల్స్ రెండూ నేల నుంచి ఒకే ఎత్తులో పెట్టి, దారానికి ఒక నట్టు కట్టి, ముందున్న కాలి మోకాలి చిప్ప కింది నుంచి వేలాడదీయండి. పెడల్ ఇరుసు దగ్గరగా పడితే చాలు. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే, శాసనం కాదు. ఆ తర్వాత కూడా హ్యాండిల్ అందకపోతే మార్చాల్సింది స్టెమ్, అంటే హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే పొట్టి ముక్క. 100 మి.మీ. ది తీసి 80ది వేస్తే రెండు సెంటీమీటర్లు దగ్గరవుతుంది. అప్పటికీ లాగుతుంటే ఫ్రేమే పెద్దది. దానికి మందు లేదు.

ఇక ‘లేడీస్’ అని రాసి ఉన్న సైకిల్ సంగతి. జెయింట్ కంపెనీ వాళ్ల లివ్ మహిళల కోసమే ఫ్రేములు చేస్తుంది. ట్రెక్, స్పెషలైజ్డ్ ఇప్పుడు రోడ్డు సైకిళ్లకు ఆడా మగా ఒకే ఫ్రేమ్ వాడుతున్నాయి. కాబట్టి రంగు చూడకండి, మూడు చూడండి: హ్యాండిల్ వెడల్పు మీ భుజాల ఎముకల మధ్య దూరానికి సరిపోతోందా, బ్రేక్ లివర్ వేలికి అందుతోందా (చాలా లివర్లలో దగ్గరకు తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది, అడగండి), సీటు వెడల్పెంత. మెత్తటి జెల్ సీటు కొనకండి, కూర్చునే ఎముకలు దిగిపోయి నొక్కకూడని చోట నొక్కుతుంది. నేనైతే మధ్యలో ఖాళీ ఉన్న గట్టి సీటే వాడతాను. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోకూడదు. ఇది అడగడానికి సిగ్గుపడి నేను ఏడాది ఒరుసుకుపోయాను.

తర్వాత మార్చుకోలేనివి ఫ్రేమ్ సైజు, బ్రేక్ రకం, టైరు పట్టే చోటు. రిమ్ బ్రేకు (చక్రం అంచుని పట్టేది) ఫ్రేముకి డిస్క్ బ్రేకు బిగించే చోటే ఉండదు. మన గుంతలకు 28 మి.మీ. టైరు తప్పనిసరి, 32 పడితే ఇంకా మంచిది. డబ్బంతా ఈ మూడింటి మీద పెట్టి, గేర్లు షిమానో కంపెనీ క్లారిస్ ఎనిమిది గేర్ల సెట్టుతో సరిపెట్టుకోండి. తర్వాత మొదట సీటు, ఆపైన టైర్లు మార్చండి. అనంతగిరి కొండ ఎక్కలేకపోతున్నారా? వెనక 34 పళ్లదాకా క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల గుత్తి) వేసుకోవచ్చు, మీ డెరైలర్ (చైన్‌ని గేరు నుంచి గేరుకి జరిపే భాగం) దానికి పనికొస్తుందో లేదో ముందు చూసుకుని. నేరుగా షిమానో 105 అనే పై స్థాయి గేర్ల సెట్టుకి వెళ్దామంటే లివర్లు, డెరైలర్లు, క్యాసెట్, చైన్ అన్నీ మారాలి. ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల కోసం చేసిన పాత హబ్ (చక్రం నడిమి భాగం) మీద పదకొండు, ఆపై గేర్ల రోడ్డు క్యాసెట్లు చాలావరకు పట్టవు, అంటే చక్రం కూడా మార్చాల్సి రావచ్చు. లెక్క వేస్తే ఇంకో సైకిలొస్తుంది.

అభ్యాసం. మూడు వారాలు, వారానికి మూడు రోజులు, ఒకే 15 కిలోమీటర్ల దారి. హైదరాబాద్ వాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, సిగ్నళ్ల గోల లేదు. మొదటి వారం ఏదీ ముట్టుకోకండి. రెండో వారం సీటు ఎత్తు మాత్రమే, ఒకసారికి 5 మి.మీ. మించి కాదు. మూడో వారం సీటు ముందూ వెనకా మాత్రమే, అదీ దారం చెప్పినంతే. ప్రతిరోజూ దిగగానే ఎక్కడ నొప్పి, ఏ కిలోమీటరు దగ్గర మొదలైంది అని రాయండి. ‘అంతా బాగుంది’ అని రాస్తే ఒప్పుకోను. స్టెమ్ ఆ కాగితం చూశాకే కొనండి.

అన్నట్టు, స్టెమ్ మీరే బిగించుకుంటుంటే పైన మూత బోల్టు ముందు, పక్క బోల్టులు తర్వాత.